అంకె తగ్గింది, బిగువు తగ్గలేదు: రేడియేషన్ తర్వాత మెడ గట్టిదనాన్ని స్పర్శ సెన్సర్‌తో కొలిచిన ఒక కేసు

నేపథ్యం

నేను పునరావాస విభాగంలో పనిచేసే ఫిజియోథెరపిస్టుని. తల, మెడ క్యాన్సర్లకు చికిత్స పూర్తయినవారిలో మెడ బిగువు, భుజం బలహీనత, నోరు పూర్తిగా తెరవలేకపోవడం వంటి ఇబ్బందులను చూడటం నా రోజువారీ పని. ఈ కేసును రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. ఆరు వారాలపాటు మా సెన్సర్ చూపిన అంకె చక్కగా తగ్గుతూ వచ్చింది. ఆ తగ్గుదల కొలత దోషం కాదని లెక్క కట్టి మరీ నమ్మాం. అదే ఆరు వారాల్లో రోగి మెడ బాగుపడలేదు సరికదా, కొంత దిగజారింది. రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. కొలతలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

రోగి మధ్యవయసు దాటిన మహిళ. మెడకు ఒక పక్క శోషరస గ్రంథులను (లింఫ్ నోడ్లను) తొలగించే శస్త్రచికిత్స జరిగింది. చెవి వెనక ఎముక నుంచి ఛాతీ ఎముక దాకా ఏటవాలుగా దిగే స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ కండరాన్ని (మా వాడుకలో ఎస్‌సీఎం) సర్జన్లు కాపాడగలిగారు. తర్వాత అదే పక్కకు 6 వారాల్లో, 30 విడతలుగా, 60 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) రేడియేషన్ ఇచ్చారు. మా దగ్గరికి వచ్చేసరికి అది ముగిసి ఏడాది దాటింది.

రేడియేషన్ పడిన చోట గాయం మానే ప్రక్రియ ఒక పట్టాన ఆగదు. ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొలాజెన్ అనే గట్టి పీచు ప్రొటీన్‌ను పేర్చుకుంటూ పోతాయి, నెలలూ ఏళ్లూ గడిచేకొద్దీ చర్మం, దాని కింది కొవ్వు పొర, కండరాన్ని చుట్టిన ఫేషియా, కండరం అన్నీ ఎంతో కొంత బిగుస్తాయి. దానికి తోడు గ్రంథులు తీసేసిన మెడలో శోషరసం పోయే దారులు తగ్గిపోయి, చర్మం కింద నీరు నిలిచే అవకాశం ఉంటుంది. ఇవన్నీ కొన్ని మిల్లీమీటర్ల లోతులో, ఒకదానిపై ఒకటిగా, ఒకేచోట జరుగుతాయి. రోగి నోట మాత్రం అన్నింటికీ కలిపి ఒకటే మాట వస్తుంది: ‘మెడ పట్టేసింది.’

వచ్చిన ఇబ్బంది

తల తిప్పి వెనక్కి చూడలేకపోవడం, పడుకుని లేచేటప్పుడు మెడ లాగేయడం, సాయంత్రానికి భుజం బరువెక్కడం ఆమె చెప్పిన ఫిర్యాదులు. కీళ్ల కదలికను డిగ్రీల్లో కొలిచే గోనియోమీటర్‌తో చూస్తే చికిత్స జరిగిన పక్కకు తల 42 డిగ్రీలు, ఎదుటి పక్కకు 51 డిగ్రీలు తిరిగింది. ఒక పక్క ఎస్‌సీఎం ముడుచుకుంటే ముఖం ఎదుటి పక్కకు తిరుగుతుంది కనుక, ఆ కండరం బిగిసినప్పుడు ముఖ్యంగా తన పక్కకు తిరగడమే కష్టమవుతుంది. ఎదుటి పక్కకు తిరగలేకపోవడానికి మెడ ముందు వైపు చర్మం, శస్త్రచికిత్స మచ్చ లాగడం ఎక్కువగా కారణమవుతుంది. ఈమెకు రెండు దిశలూ తగ్గాయి కాబట్టి కండరాన్నీ చర్మాన్నీ రెండింటినీ అనుమానించాల్సిందేనని మొదటి రోజు నోట్సులో నేనే రాశాను. రాసి, తర్వాతి ఆరు వారాలు ఒక్క కండరం వెంటే పడ్డాను.

భుజం ఎగరేసే బలం కొద్దిగా తగ్గింది. శస్త్రచికిత్సలో స్పైనల్ యాక్సెసరీ నరం సాగి ఉండొచ్చని సర్జన్ ముందే చెప్పారు. ఇదే నరం ఎస్‌సీఎంకూ వెళ్తుంది. ఈ సంగతి తర్వాత అవసరపడింది.

ఏ సెన్సర్, ఎందుకు

వేళ్లతో తడిమి ‘గట్టిగా ఉంది’, ‘కొంచెం మెత్తబడింది’ అని రాసుకునే నోట్సుతో ఒక చిక్కు ఉంది. నాలుగు వారాల కింద నా వేలికి తెలిసిన గట్టిదనం నాకు గుర్తుండదు. గుర్తుందని మాత్రం అనిపిస్తుంది. అందుకే ఇలాంటి కేసుల్లో అంకె ఒకటి ఉండాలని నిర్ణయించుకున్నాం. అప్పటికి మా ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది, మా విభాగంతో కలిసి పనిచేసే ఒక ఇంజినీరు తయారుచేసిన చేతి తొడుగు. చూపుడు వేలి కొసన పలచని ఒత్తిడి సెన్సర్ అంటించి, నేను నొక్కినప్పుడు పడే బలాన్ని నమోదు చేస్తుంది. ఆలోచన అందంగా ఉంది గానీ పని జరగలేదు. ఒత్తిడికి విద్యుత్ నిరోధం మారే ఆ రకం పలచని సెన్సర్లలో, పెంచుతూ పోయేటప్పుడు వచ్చిన విలువ, తగ్గిస్తూ వచ్చేటప్పటి విలువ ఒకటిగా ఉండవు. ఒకే బలంతో నొక్కి ఉంచినా అంకె మెల్లగా జారుతూ పోతుంది. పైగా నా వేలి కొస కూడా మెత్తనిదే కదా, నొక్కినప్పుడు అదెంత నొక్కుకుందో, రోగి మెడ ఎంత నొక్కుకుందో విడదీసే దారి లేదు. గట్టిదనం తెలియాలంటే బలం ఒక్కటే చాలదు, ఆ బలానికి ఎంత లోతు దిగిందన్నది కూడా కావాలి. రెండు వారాల తర్వాత ఆ తొడుగును పక్కన పెట్టాం.

రెండోది, బలాన్ని కొలిచే లోడ్ సెల్, ఎంత దూరం జరిగిందో కొలిచే స్థానభ్రంశ సెన్సర్ రెండూ ఉన్న ఇండెంటర్. గుండ్రటి కొన ఉన్న కడ్డీ నెమ్మదిగా దిగుతుంటే బలం, లోతు రెండూ నమోదవుతాయి. కాలి పిక్కలకో, తొడకో దీన్ని ధైర్యంగా వాడతాను. మెడ మీద మాత్రం వెనకాడాను. ఎస్‌సీఎం కిందే కెరోటిడ్ ధమని ఉంటుంది. థైరాయిడ్ మృదులాస్థి పై అంచు ఎత్తులో అది రెండుగా చీలే చోట నొక్కితే కొందరిలో గుండె వేగం, రక్తపోటు ఉన్నట్టుండి పడిపోతాయి. రేడియేషన్ పడిన మెడలో ఆ ధమని సన్నబడే ముప్పు కూడా ఎక్కువ. అందుకే దీన్ని మొదటి ఎంపికగా తీసుకోలేదు.

మూడోది షియర్ వేవ్ ఎలాస్టోగ్రఫీ. కణజాలంలో అడ్డంగా పాకే తరంగ వేగాన్ని బట్టి గట్టిదనాన్ని లెక్కించే అల్ట్రాసౌండ్ పద్ధతి ఇది. పొరలను విడివిడిగా చూడగలగడం దీని బలం. కానీ ప్రతి వారం ఆ యంత్రం మాకు దొరకదు. కండరంలో పీచు వెంబడి తరంగ వేగం ఒకలా, అడ్డంగా ఇంకోలా ఉంటుంది కాబట్టి ప్రోబ్‌ను ప్రతిసారీ ఒకే దిశలో పెట్టగల చేయి కూడా కావాలి.

నాలుగోది, చివరికి మేము ఎంచుకున్నది, చేతిలో పట్టుకునే మయోటనోమీటర్. 3 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కొన చర్మాన్ని 0.18 న్యూటన్ల బలంతో తాకి నిలుస్తుంది. తర్వాత 15 మిల్లీసెకన్లపాటు 0.4 న్యూటన్ల చిన్న తట్టు తడుతుంది. ఆ తట్టుకు కణజాలం ఊగి, క్రమంగా ఊపు తగ్గి ఆగుతుంది. లోపల కదలికను పసిగట్టే యాక్సిలరోమీటర్ ఆ ఊపును చదివి గట్టిదనాన్ని మీటరుకు ఇన్ని న్యూటన్లని చెబుతుంది. ఊపు ఎంత త్వరగా చచ్చిపోతోందో చెప్పే డిక్రిమెంట్ అనే ఇంకో విలువ కూడా ఇస్తుంది. బలం చాలా తక్కువ, తాకిడి క్షణకాలం, మెడకు ముప్పు లేదు. నా దృష్టంతా భద్రత మీద ఉంది, అది సరైన దృష్టే. కాకపోతే అంత మృదువైన తట్టు ఎంత లోతు దాకా వెళ్తుందన్న ప్రశ్న ఆ రోజు నేను వేసుకోలేదు.

మొదటి ఆరు వారాలు

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద ఒకే మందం మడత పెట్టి, చెవి వెనక ఎముకకూ ఛాతీ ఎముకకూ మధ్య దూరంలో సగం దగ్గర గుర్తు పెట్టాం. ఊపిరి వదిలాక వచ్చే చిన్న విరామంలో, మింగకుండా ఉన్న సమయంలో కొలిచాం. మెడ మీద నాడి కొట్టుకోవడం కూడా ఆ సన్నటి ఊపులో కలిసిపోతుంది కనుక ఒక్కో చోట అయిదు తట్లు తీసి మధ్య విలువ రాసుకున్నాం. మొదటి రోజు చికిత్స జరిగిన పక్క 418, ఎదుటి పక్క 246.

మొదటి వారంలోనే వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ కొలిచి, నా చేతి కొలతలు ఒకే రోగిలో ఎంత అటూ ఇటూ అవుతాయో చూశాను. ఆ విచలనం 17 వచ్చింది. దాన్ని 2.77తో గుణిస్తే 47. అంటే రెండు కొలతల మధ్య తేడా 47కు లోపు ఉంటే దాన్ని మార్పుగా లెక్కించకూడదని నాకు నేను పెట్టుకున్న గీత అది. ఈ లెక్క చాలామంది వేయరు. వేసినందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

చికిత్సలో ఎస్‌సీఎంను సాగదీయడం, వేళ్లతో లోతుగా మర్దన, ఇంట్లో రోజుకు రెండుసార్లు వ్యాయామం ఉన్నాయి. మూడో వారం కొలత 381. ఆరో వారం 334. మొత్తం తేడా 84, నేను గీసుకున్న గీతకు చాలా అవతల. ఫైలులో ‘స్పష్టమైన మెరుగుదల’ అని రాశాను. అదే పేజీలో కింద, చికిత్స జరిగిన పక్కకు తల తిరిగింది 44 డిగ్రీలని కూడా రాశాను. మొదటి రోజు 42. గోనియోమీటర్‌తో అయిదు డిగ్రీల లోపు తేడాను నేను తేడాగా చూడను, అంటే అక్కడ ఏమీ మారలేదు.

అంకె చూపించి ఆమెకు సంతోషంగా చెప్పబోతే ఆమె అన్న మాట ఇది: “మీ మీటరుకు బాగానే ఉందేమో గానీ నా మెడకు లేదండీ. పొద్దున్న లేస్తే మెడ లోపల ఏదో కూరినట్టు నిండుగా ఉంటోంది.”

‘నిండుగా’ అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. కండరం మెత్తబడింది, కదలిక రావడానికి ఇంకొంత సమయం పడుతుందని ఆమెకు నచ్చజెప్పాను. ఆ రాత్రి ఫైలు మళ్లీ తిరగేస్తుంటే, నా వివరణ ప్రకారం మెత్తబడ్డ కండరం సాగకుండా ఎందుకు మిగిలిందన్న దానికి జవాబు దొరకలేదు.

అనుమానం మొదలయ్యాక

ముందు పరికరాన్ని అనుమానించాం. రోజూ పొద్దున్నే ఒక సిలికాన్ దిమ్మ మీద కొలిచి రాసుకునే అలవాటు మాకుంది. ఆరు వారాల్లో ఆ విలువ రెండు శాతానికి మించి కదల్లేదు. తర్వాత నా చేతిని అనుమానించాం. పాత విలువలు చూడని సహోద్యోగి ఒకరు కొలిస్తే 341 వచ్చింది, నాదానికి దగ్గరే. పరికరం సరిగ్గానే ఉంది, చేయి సరిగ్గానే ఉంది. తగ్గుదల నిజమే. అయితే తగ్గింది ఏమిటి?

మొదటి ఆధారం సెన్సర్‌లో కాదు, అపాయింట్‌మెంట్ల రిజిస్టర్‌లో దొరికింది. మొదటి వారం కొలతలన్నీ సాయంత్రం నాలుగు గంటలకు జరిగాయి. తర్వాత ఆమె వీలు మారి, మూడో వారం, ఆరో వారం కొలతలు పొద్దున ఎనిమిదిన్నరకు జరిగాయి. మెడ, ముఖంలో చేరే శోషరస వాపుకు ఒక స్వభావం ఉంది: రాత్రంతా పడుకుని లేచినప్పుడు ఎక్కువగా, లేచి తిరిగేకొద్దీ బరువుకు నీరు దిగి తక్కువగా ఉంటుంది. ఆమె చెప్పిన ‘పొద్దున్న నిండుగా’ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఒకే రోజు రెండుసార్లు కొలిచాం. పొద్దున 336, సాయంత్రం 379. తేడా 43, నా గీతకు లోపే. నా నియమం ప్రకారం దీన్ని రుజువుగా తీసుకోకూడదు. అందుకని మరో రెండు రోజులు అలాగే చేశాం. రెండు రోజులూ సాయంత్రం విలువే ఎక్కువ. ఒక్క రోజు తేడా కంటే మూడు రోజులూ ఒకే దిశలో రావడం నన్ను ఎక్కువగా కదిలించింది.

రెండో పరీక్ష చాలా సులువు, ఖర్చు లేనిది. సెన్సర్ నిజంగా కండరాన్నే చదువుతుంటే, కండరం బిగించినప్పుడు అంకె పెరగాలి. వెల్లకిలా ఉన్న ఆమెను తల మడత మీద నుంచి వేలెడు ఎత్తు లేపి అయిదు సెకన్లు పట్టి ఉంచమన్నాం. ఎదుటి పక్క 246 కాస్తా 395 అయింది. చికిత్స జరిగిన పక్క 338 నుంచి 352 దగ్గర ఆగిపోయింది. ఇక్కడ తొందరపడే ప్రమాదం ఉంది: నరం దెబ్బతిని కండరమే బిగుసుకోకపోతే కూడా ఇదే ఫలితం వస్తుంది. అందుకే అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి, తల లేపేటప్పుడు ఆ కండరం లావెక్కుతోందా లేదా అని తెర మీద చూశాం. ఎదుటి పక్కంత కాకపోయినా స్పష్టంగా లావెక్కింది. కండరం పని చేస్తోంది, మా సెన్సర్‌కే అది తెలియడం లేదు.

ఎందుకు తెలియడం లేదో అదే తెరమీద కనిపించింది. ప్రోబ్‌తో నొక్కితే నీరు పక్కకు జరిగిపోయి మందం తప్పుగా వస్తుంది కనుక, దట్టంగా జెల్ వేసి, ప్రోబ్ చర్మానికి తగలకుండా జెల్ మీదే తేలేలా పట్టుకుని చూశాం. చర్మం పై నుంచి కండరం పై పొర దాకా ఎదుటి పక్క 5 మిల్లీమీటర్లు. చికిత్స జరిగిన పక్క పొద్దున 10, సాయంత్రం 8.

గుండ్రటి కొనతో ఒక సమాన పదార్థాన్ని నొక్కినప్పుడు, సరిగ్గా కొన కింద పడే ఒత్తిడి లోతుకు పోయేకొద్దీ వేగంగా తగ్గుతుంది. తాకిన వలయపు వ్యాసార్ధానికి మూడింతల లోతులో అది పై ఒత్తిడిలో పదో వంతే మిగులుతుంది. ఇది రెండు వస్తువులు ఒత్తుకున్నప్పటి ఒత్తిడిని లెక్కగట్టే హెర్ట్జ్ సూత్రాల నుంచి నేరుగా వచ్చే లెక్క. మా కొన వ్యాసార్ధం 1.5 మిల్లీమీటర్లు, మూడింతలంటే 4.5. మెడ సమాన పదార్థం కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. మా తట్టు నిలకడ ఒత్తిడి కాదు, క్షణకాలపు కదలిక. కాబట్టి ఈ అంకెను యథాతథంగా వర్తింపజేయలేం. అయినా 5 మిల్లీమీటర్ల దిగువన ఉన్న కండరం సెన్సర్‌కు తగులుతుంది, 10 మిల్లీమీటర్ల దిగువన ఉన్నది దాదాపు తగలదు అని అర్థం చేసుకోవడానికి ఈ లెక్క చాలు. పరుపు మీద వేలితో తట్టి, కింద ఉన్నది టేకు బల్లో నవారు మంచమో చెప్పమంటే ఎలా చెబుతాం? ఆరు వారాల్లో మేము కండరాన్ని మెత్తబరచలేదు, దాని మీద పరుపు మందం పెరిగింది.

పాత రికార్డులను మళ్లీ తెరిచి ఊపు గీతలు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి రోజు గీత మూడు నాలుగు సార్లు పైకీ కిందికీ ఊగి ఆగింది. ఆరో వారం గీత ఒక్కసారి లేచి, అరకొరగా ఇంకోసారి ఊగి, చదునుగా పడిపోయింది. డిక్రిమెంట్ 1.2 నుంచి 1.7కు చేరింది. బాగుపడుతున్న కణజాలంలో సాగే గుణం తిరిగి వస్తుంది, ఊపు ఎక్కువసేపు నిలవాలి. ఇక్కడ ఊపును ఏదో మింగేస్తోంది. ఈ విలువ ప్రతిసారీ గట్టిదనం అంకె పక్కనే తెరమీద ఉంది. నేను చూడలేదు, అంతే.

వాపు నిర్ధారణ కోసం ఇండెంటర్‌ను అప్పుడు బయటికి తీశాం. ముందుగా వైద్యులు కెరోటిడ్ ధమనులకు డాప్లర్ పరీక్ష (రక్త ప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్) చేయించి అడ్డంకులు లేవని చెప్పారు. ధమని చీలే చోటికి దూరంగా, కండరం వెనక అంచు వైపు, ఒక్క పక్కే, 2 న్యూటన్లకు మించకుండా 30 సెకన్లు నొక్కి ఉంచాం. ఎదుటి పక్క కొన అయిదు సెకన్లలో నిలకడగా ఆగింది. చికిత్స జరిగిన పక్క 30 సెకన్లూ దిగుతూనే ఉంది. కొన తీశాక చర్మం మీద గుండ్రటి గుంట ఒకటి మిగిలి, దాదాపు నిమిషానికి గానీ పూడలేదు. అది చూసి మా సహోద్యోగి ఏమీ అనలేదు, తన బొటనవేలు చూపించింది. వాపును పోల్చుకోవడానికి బొటనవేలితో నొక్కి ఆగి చూడటం మేము చదువుకునే రోజుల్లోనే నేర్చుకున్నది. సెన్సర్ చేతికొచ్చాక ఆ వేలు నేను వాడటం మానేశాను.

దారి మార్చిన తర్వాత

నీరు చేరిందని తేలగానే దాన్ని తీసే చికిత్స మొదలుపెట్టలేదు. క్యాన్సర్ చికిత్స తీసుకున్న మెడలో కొత్తగా వాపు పెరిగితే మొదట జబ్బు తిరగబెట్టలేదని తెలుసుకోవాలి. ఆ అధికారం నాది కాదు. క్యాన్సర్ వైద్యులకు పంపాం. వారు పరీక్షించి, స్కాన్ చేసి, తిరగబెట్టిన ఆనవాళ్లు లేవన్నారు. మెడకు రేడియేషన్ తర్వాత థైరాయిడ్ మందగించడం మామూలే, అది కూడా వాపు తెస్తుంది కనుక రక్తపరీక్ష చేయించారు. అది సరిగ్గానే ఉంది. దీనికి పది రోజులు పట్టింది, ఆ పది రోజులూ లోతు మర్దన ఆపేశాం. ఆ మర్దనే వాపును పెంచిందని నిరూపించలేను. పెంచలేదని కూడా అనలేను.

తర్వాత క్రమం మార్చాం: ముందు నీరు, తర్వాతే కండరం. శోషరసాన్ని గ్రంథులు మిగిలి ఉన్న దిశలకు మళ్లించే మృదువైన మర్దన, రాత్రి తల వైపు ఎత్తుగా ఉంచి పడుకోవడం, గొంతు ముందు భాగం మీద, ధమని మీద ఒత్తిడి పడకుండా కత్తిరించిన మెత్తటి ఫోమ్ పట్టీ రోజూ కొన్ని గంటలు. కొలతలన్నీ పొద్దున ఎనిమిదిన్నరకే, ప్రతిసారీ మందంతో కలిపి.

నాలుగు వారాలకు మందం 10 నుంచి 6.5కు దిగింది. గట్టిదనం అంకె 336 నుంచి 402కు పెరిగింది. ఆ వారం రికార్డు రాసిన జూనియర్ కంగారుగా వచ్చి, “చికిత్స వికటించిందేమో చూడండి మేడమ్,” అంది. ఈ కేసులో నాకు అన్నింటికంటే ఆనందం కలిగించిన అంకె అదే. తల లేపి బిగించినప్పుడు అది 487కు వెళ్లింది, అంటే సెన్సర్ మళ్లీ కండరాన్ని తాకుతోంది. డిక్రిమెంట్ 1.3కు వచ్చింది. కండరాన్ని ఇంకా ముట్టుకోకముందే, నీరు తగ్గినందువల్లే, తల 50 డిగ్రీలు తిరిగింది.

అప్పుడు కండరం పని మొదలుపెట్టాం. ఈసారి బలంగా లాగడం కాకుండా, తక్కువ బలంతో ఎక్కువసేపు నిలిపి ఉంచే సాగదీతలు. ఇలా ఎంచుకోవడానికి కారణముంది: కణజాలం స్నిగ్ధ స్థితిస్థాపక గుణం ఉన్నది, ఒక్కసారిగా లాగితే ఎదురు తిరుగుతుంది, నిలిపి ఉంచితే మెల్లగా వదులుతుంది, పైగా గట్టిగా లాగి మళ్లీ వాపు తెచ్చుకోవడం మాకు ఇష్టం లేదు. వాపు అదుపు చికిత్సను ఆపకుండా పక్కనే నడిపాం.

మరో పన్నెండు వారాలకు గట్టిదనం 356, మందం 6 మిల్లీమీటర్లు. 402 నుంచి 356కు తేడా 46. నా గీత 47. ఒక్క అంకె తేడాతో గీత లోపలే మిగిలిపోయింది, కాబట్టి కండరం మెత్తబడిందని ఈ సెన్సర్ ఆధారంగా నేను రాయలేదు. చికిత్స జరిగిన పక్కకు తల 56 డిగ్రీలు తిరుగుతోంది, వెనక్కి తిరిగి చూడటం ఇప్పుడు నడుము తిప్పకుండా కుదురుతోందని ఆమె చెప్పారు, రెండు నెలల తర్వాత కూడా అలాగే ఉంది. మెరుగుదల అని రాసింది వీటిని బట్టి.

చర్మం కథ వేరుగా నడిచింది. 2 మిల్లీమీటర్ల రంధ్రం ద్వారా చర్మాన్ని గాలి పీల్చుడుతో పైకి లేపి ఎంత లేచిందో, వదిలాక ఎంత తిరిగి వెళ్లిందో కొలిచే పరికరాన్ని దారి మార్చినప్పటి నుంచి మచ్చ పక్కన మూడుసార్లు వాడాం. అంత చిన్న రంధ్రం కాబట్టి అది చూసేది దాదాపు చర్మం ఒక్కదాన్నే. మచ్చ పక్క చర్మం ఎదుటి పక్కలో సగం మాత్రమే లేచింది. చివరి దాకా అందులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఎదుటి పక్కకు తల తిరగడం 51 నుంచి 63కు పెరిగినా, ఆ చివర మిగిలిన లాగుడు మచ్చదేనని ఆమె వేలు పెట్టి చూపించిన చోటు, ఈ పరికరం చెప్పిన చోటు ఒకటే.

మా పనిలో మారినవి

కొలత పత్రం మార్చాం. గట్టిదనం గడి పక్కన ఇప్పుడు మందం గడి ఉంది, అది నింపకుండా ముందుకు వెళ్లనివ్వం. కొలిచిన సమయం గడి ఉంది. బిగించినప్పటి విలువ గడి ఉంది; సడలించినప్పటి విలువకూ దానికీ మధ్య తేడా నా 47 గీతను దాటకపోతే, ఆ వరుసలో కండరం గురించి ఏ మాటా రాయకూడదని నియమం. డిక్రిమెంట్‌ను రెండో వరుస నుంచి గట్టిదనం పక్కకే తెచ్చాం.

కొలత దోషం లెక్క గురించి నా అభిప్రాయం కూడా కొంత మారింది. 47 అనే గీత తప్పు కాదు. ఆరో వారం 84 తేడా నిజమైన తేడాయే. కానీ ఆ గీత తేడా ఉందో లేదో చెబుతుంది గానీ, ఆ తేడా ఏ పొరలో పుట్టిందో చెప్పదు. ఆ లెక్క చేసి ఉండటమే నాకు అనవసరమైన ధీమా ఇచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది. లెక్క లేకపోతే, తల తిరగని రోగిని చూసి ముందే అనుమానించేదాన్నేమో.

రేడియేషన్ మెడకు ఈ సెన్సర్ పనికిరాదని నేను అనను. వాపు లేని మెడలో, మందం తెలిసిన చోట, అది నా వేలి కంటే బాగా గుర్తుపెట్టుకుంటుంది. కాలి పిక్కలో, ముంజేతిలో ఇంకా తేలిగ్గా వాడుకుంటున్నాం. ఇంజినీరు మిత్రుడు ఇప్పుడు వేర్వేరు వ్యాసాల కొనలున్న ఇండెంటర్ గురించి ఆలోచిస్తున్నాడు. చిన్న కొన పై పొరలను, పెద్ద కొన లోతు పొరలను ఎక్కువగా చదువుతుంది కనుక రెండు కొలతల నిష్పత్తితో పొరలను కొంతవరకు విడదీయవచ్చునన్నది అతని ఊహ. సిలికాన్ దిమ్మల మీద ఒక మెత్తటి పొర పరిచి మొదటి ప్రయోగాలు చేస్తున్నాడు. రోగి మెడ దాకా రావడానికి ఇంకా చాలా ఉంది.

ఆమె ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తున్నారు. అల్ట్రాసౌండ్ తెర వెలిగే లోపు నేను బొటనవేలు ఆ గుర్తు మీద పెట్టి, పది దాకా లెక్కపెట్టి, తీసి చూస్తాను.